పెడలు రేడియో నిర్మాత ఆల్ఫ్రెడ్ ట్రేగర్

1917వ సంవత్సరము జూలై నెలాఖరున ఆస్ట్రేలియా వాయవ్య భాగమందలి కింబర్లీ సీమలో జిమ్మీ డార్సీ యను పశుపాలకుడు గుఱ్ఱము పాటున పడి, మూత్రాశయము చితికి ప్రాణాపాయ స్థితికి వచ్చెను. తోడివారు అతనిని బండిపై వేసికొని 50 మైళ్ల దూరమున నున్న హాల్స్‌క్రీక్ అను చిన్న ఊరికి చేర్చిరి. ఆ ఊర వైద్యుడు లేడు. తంతి తపాలా కార్యాలయ మొకటి కలదు. దాని యధికారి ఫ్రెడ్ టకెట్ ప్రథమ చికిత్సలో కొంత తెలిసినవాడు. ఆయన మోర్సు మీటను చేతబట్టి, రాష్ట్రమునకు మరియొక కొన నున్న పెర్తు నగరములోని డాక్టరు హాలండునకు రోగి స్థితిని తెలిపెను. అచటి వైద్యుడు చుక్కలతోను గీతలతోను శస్త్రచికిత్సా విధానము చెప్పుచుండగా, ఇచట తపాలా యధికారి పెన్సిలు చెక్కు చాకుతో రోగి శరీరమును కోసెను. అనంతరము హాలండు పశువుల నోడలో డెర్బీ రేవునకు వచ్చి, అచటినుండి మోటారుకారుపై ఎడారి దారిని బయలుదేరెను. ఆయన హాల్స్‌క్రీక్ చేరునప్పటికి డార్సీ మరణించి ఒక దినము గడచెను. మరణమునకు కారణము ఆ చాకు కాదు. దేహమున అణగియున్న మలేరియా.

ఈ కథ ఆ దేశమున పత్రికలన్నిటను ప్రచురింపబడెను. దానిని చదివినవారికి విచారము గలిగించినది రోగి మరణ మొక్కటియే కాదు. హాల్స్‌క్రీక్‌నకు తంతి యైనను కలదు. ఆ ఖండపు నడిభాగమున వందల మైళ్లకొక యిల్లుగా చెదరియున్న పశుక్షేత్రములకు అదియును లేదు. బిడ్డకు జ్వరము వచ్చినను, బాలింతకు ప్రాణము మీదికి వచ్చినను, గుఱ్ఱముపై నొక మనిషిని పంపి వారముల కొలది ఎదురు చూడవలసినదే. ఆ భూమి నిర్జన మని వలసవచ్చినవారు వ్రాసికొనిరి. అనాదిగా అచట నివసించుచున్న ఆదివాసులకు అది నిర్జనము కాదు. కాని వైద్యము లేని కొరత మాత్రము ఇరువురకును కలదు.

ఆ కొరతను తీర్పవలెనని పూనుకొన్నవాడు రెవరెండు జాన్ ఫ్లిన్. 1912లో ఏర్పడిన ఆస్ట్రేలియా అంతర్భాగ మిషనునకు ఆయన అధిపతి. విమానముపై వైద్యుని పంపవచ్చునను ఆలోచనను క్లిఫర్డ్ పీల్ అను యువ సైనికుడు 1917లో ఆయనకు లేఖలో వ్రాసి, మరుసటి సంవత్సరమే యుద్ధమున మరణించెను. ఫ్లిన్ ఆ ఆలోచనను విడువలేదు. పది సంవత్సరములు శ్రమించి, నాగళ్లు, కోతయంత్రములు చేసి ధనికుడైన హ్యూ విక్టర్ మెకే మరణశాసనమున వ్రాసిపోయిన 2,000 పౌనుల సాయముతో, 1928 మే నెలలో క్వీన్స్‌లాండు రాష్ట్రమున క్లోన్‌కర్రీ పట్టణమునుండి విమాన వైద్యసేవను ప్రారంభించెను. మొదటి సంవత్సరమున 50 పర్యాయములు విమానము లేచెను. 225 మంది రోగులకు చికిత్స జరిగెను.

అయినను ఒక ప్రశ్న మిగిలియేయుండెను. వైద్యుడు సిద్ధము, విమానము సిద్ధము. పిలుచు టెట్లు? పిలుపు చేరుటకు వారము పట్టినచో విమానము గంటలో ఎగిరి వచ్చినను ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఫ్లిన్ కాడు, వైద్యుడును కాడు. అడిలెయిడ్ నగరమున మోటారుకార్ల విద్యుత్ సామగ్రిని బాగుచేయు ఒక మితభాషి. ఆయనయే ఆల్ఫ్రెడ్ హెర్మన్ ట్రేగర్.

ట్రేగర్ 1895 ఆగస్టు 2వ తేదీన విక్టోరియా రాష్ట్రమున డింబూలా పట్టణ సమీపమున జన్మించెను. జర్మనీ దేశమునుండి వలసవచ్చిన లూథరన్ రైతు కుటుంబము వారిది. ఆయన బాల్యముననే కుటుంబము దక్షిణ ఆస్ట్రేలియాలోని బాలక్లావాకు తరలెను. పండ్రెండేండ్ల ప్రాయమున ఆ బాలుడు పనిముట్ల కొట్టమునకును ఇంటికిని నడుమ 50 గజముల దూరము మాటలు పోవు టెలిఫోను నొకదానిని తయారుచేసెను. దానికి కావలసిన అయస్కాంతములు గడ్డి ఎత్తు పంగల కఱ్ఱ ముండ్లు, బొగ్గుపొడి వంటపొయ్యిలోనిది, కంపించు రేకు పొగాకు డబ్బా మూత. అంగడిలో కొనినది లేదు. ఇంట నున్న వస్తువు ఏమి చేయగలదో ముందు చూచి పిమ్మట యంత్రమును తలపెట్టు ఈ పద్ధతి ఆయనను జీవితాంతము విడువలేదు.

అడిలెయిడ్‌లోని గనుల, పరిశ్రమల విద్యాలయమున చదివి 1915లో యంత్ర, విద్యుత్ శాస్త్రములందు డిప్లొమా పొందెను. మొదటి ప్రపంచ యుద్ధమున సైన్యమున చేరబోగా, తాతలు జర్మనీలో పుట్టినవారను కారణమున తీసికొనరైరి. ఆ సంగతిని గూర్చి ఆయన ఎవరితోను వాదించినట్లు కానరాదు. ట్రాముల సంస్థలోను తపాలాశాఖలోను కొంతకాలము పనిచేసి, 1923 నాటికి కార్ల జనరేటర్లు బాగుచేయు సంస్థ నొకదానిలో చేరెను. పగలు ఆ పని, రాత్రి రేడియో. అభిరుచితో రేడియో నడుపువారికి ప్రభుత్వ మిచ్చు అనుమతిని ఆయన సంపాదించి, స్వహస్తములతో ట్రాన్స్‌మిటరు నిర్మించుకొనెను.

అభిరుచితో రేడియో నడుపువారిని గూర్చి ఇచట కొంత చెప్పక తప్పదు. 1920 ప్రాంతమున పెద్ద సంస్థలు దీర్ఘతరంగములను నమ్మి, ఆకాశమంటు స్తంభములను నిలిపి, వేల వాట్ల శక్తితో వార్తలు పంపుచుండెడివి. 200 మీటర్లకు తక్కువైన హ్రస్వతరంగములు ఎందునకును పనికిరావని తలచి వానిని ఈ ఔత్సాహికులకు వదలివేసిరి. వీరు విద్యార్థులు, గుమాస్తాలు, రైతుబిడ్డలు. సామాన్య సామగ్రితో తామే యంత్రములు కట్టుకొని, మోర్సు మీటతో అర్ధరాత్రులయందు ఒకరినొకరు వెదకికొనుచుండిరి. 1923 నవంబరులో అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి యీవలి ఔత్సాహికులు పరస్పరము సంభాషించిరి. 1924 అక్టోబరులో న్యూజీలాండు దేశీయుడు ఫ్రాంక్ బెల్ లండనులోని ఒక పాఠశాలయందున్న సెసిల్ గాయ్‌డర్‌తో భూగోళపు ఈ వైపునుండి ఆ వైపునకు మాటాడెను. పనికిరానివని వదలిన తరంగములే ఆకాశమున పైపొరను తాకి తిరిగి భూమికి దిగుచు, కొద్ది శక్తితో మహాదూరములు పోవుచుండెనని లోకమునకు తెలిసెను. దూరమునకు కావలసినది అమిత శక్తి కాదు, తగిన తరంగము అను ఈ సత్యము ట్రేగర్ వంటివారికి అనుభవములో తెలిసినది.

ఫ్లిన్ 1925లోనే జార్జి టౌన్స్ అను నిపుణునితో కలిసి మోటారుబండిపై రేడియో సామగ్రి వేసికొని ఎడారిలో ప్రయోగములు చేసెను. బండి వెనుకచక్రమును పైకెత్తి, ఇంజను నడపి, ఆ చక్రముతో జనరేటరును త్రిప్పెడివారు. వార్తలు పోయినవి. కాని ప్రతి యింటను ఒక మోటారుబండిని, ఒక నిపుణుని ఉంచగలవా రెవరు? ఆ దినములలో ట్రేగర్ 600 వోల్టుల జనరేటరు నొకదానిని అమ్మకమునకు ప్రకటింపగా, ఫ్లిన్ దానిని కొనుటకు వచ్చెను. జనరేటరుకంటె దానిని చేసినవాడు తనకెక్కువ అవసరమని గ్రహించి, ఆయననే పనికి కుదుర్చుకొనెను.

1926లో ఇరువురును ఆలిస్ స్ప్రింగ్స్‌కు పోయిరి. అప్పటికి రైలుమార్గము అచటికి చేరలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో నొక కేంద్రమును ఏర్పరచి, పడమటి దిక్కున 80 మైళ్ల దూరములోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనులో నొక యంత్రమును నిలిపిరి. రాగి ఆక్సైడు బ్యాటరీల బలముతో హెర్మన్స్‌బర్గ్ మోర్సులో పలికెను. ఆలిస్ స్ప్రింగ్స్ వినెను. ప్రయోగము ఫలించెనని ఇతరులు సంతోషింపవచ్చును. ట్రేగర్‌కు మాత్రము లోపమే కానవచ్చెను. ఆ బ్యాటరీలు మిక్కిలి బరువు, వెల ఎక్కువ, శక్తి ఉడిగినప్పుడు ఇసుకదారిలో మరల మోసికొని రావలెను. బ్యాటరీ అయిపోయిన రాత్రియే బిడ్డకు జబ్బు చేసినచో యంత్రమున్నను లేనట్లే గదా! ఆయన అడిలెయిడ్‌కు మరలి, ఎడారిలోని ఇంట ఎన్నడును ఉడుగని శక్తి ఏది యని ఆలోచింప మొదలిడెను.

అది మనుష్యుని శరీరము. ముందుగా చేతితో త్రిప్పు జనరేటరును పరీక్షించెను. చిక్కేమనగా, చేయి పిడిని త్రిప్పుచున్నచో మోర్సు మీటను నొక్కునది ఎవరు? ఒకరు త్రిప్పవలెను, మరియొకరు పంపవలెను. మగవారు పశువుల వెంట దినముల కొలది పోయియుండు ఇండ్లలో తరచుగా మిగులునది ఒంటరియైన ఇల్లాలు. కావున చేతులు విడువబడవలెను. చేతులు విడిచినచో మిగిలినవి కాళ్లు. ట్రేగర్ సైకిలు పెడళ్లను జనరేటరునకు బిగించెను. సామాన్యుడైన మనిషి కుర్చీలో కూర్చుండి, ఆయాసము లేకుండ త్రొక్కినచో 300 వోల్టుల యొత్తిడిలో 20 వాట్ల విద్యుచ్ఛక్తి పుట్టుచున్నదని కొలిచి చూచెను. ఇరువది వాట్లు ఒక చిన్న దీపమునకు చాలునంతటి శక్తి. ఆయన అంతకంటె ఎక్కువ కోరలేదు. ఉన్నదానిలో పని జరుగునట్లు మిగిలిన యంత్రమునంతయు కుదించి కట్టెను.

ఎట్లు కుదించెనో చూడవలెను. చక్రమును, పండ్ల చక్రములను లోహపు పెట్టెలో మూసి, పెడళ్లను మాత్రము బయట నుంచెను. ఇసుక, ధూళి లోనికి పోరాదు. అడుగున పోతపోసిన పీఠ మమర్చి బల్ల క్రింద నేలకు మరలతో బిగింపజేసెను. బల్లపై నొక చిన్న పెట్టె. అందులోనే ట్రాన్స్‌మిటరు, రిసీవరు రెండును. ఒక్క స్విచ్చి త్రిప్పినచో వినుటనుండి పంపుటకు మారును. తరంగపు కొలతను సరిచూచుకొనుటకు నేర్పు కావలెను. ఆ నేర్పు ఇల్లాలికి ఉండదు. అందుచేత స్ఫటికపు పలుకును అమర్చెను. స్ఫటికము తాను కోయబడిన మందమును బట్టి ఒకే వేగమున కంపించును. కాలు వేగముగా త్రొక్కినను, మెల్లగా త్రొక్కినను తరంగము తప్పిపోదు. కేంద్రమువారు దానికొరకు వెదకనక్కరలేదు. ఈ కృషిలో హారీ కౌపర్ అను అడిలెయిడ్ రేడియో నిపుణుడు ఆయనకు తోడ్పడెను. యంత్రము ఖరీదు 33 పౌనులు.

మాటలు పంపక మోర్సు నేల ఎంచుకొనిరని సందేహము కలుగవచ్చును. మనుష్యుని కంఠస్వరమును తరంగముపై ఎక్కించుటకు అధిక శక్తి కావలెను. ఆ శక్తియు విస్తృతమైన పట్టీలో చెదరిపోవును. మోర్సులో తరంగము ఉన్నది, లేదు అను రెండు స్థితులే. శక్తి యంతయు ఒకే సన్నని దారమువలె పోవును. పిడుగుల రొదలో మాట కలిసిపోయినచోటను సన్నని ఈలవంటి మోర్సు ధ్వనిని అలవాటుపడిన చెవి ఏరుకొనగలదు. క్లోన్‌కర్రీ కేంద్రమునకు ఇంజను బలము కలదు గనుక అది మాటలతోనే పలికెడిది. పశుక్షేత్రములలోని వారు ఆ మాటలను చెవులార విని, కాళ్లతో త్రొక్కుచు, వ్రేలితో నొక్కుచు చుక్కలు గీతలలో ప్రత్యుత్తర మిచ్చెడివారు.

1929లో ట్రేగర్ ఈ యంత్రములను బండిలో వేసికొని క్వీన్స్‌లాండు ఉత్తర సీమలకు పోయెను. జూన్ నెలలో క్లోన్‌కర్రీకి సుమారు 150 మైళ్ల దూరములోని అగస్టస్ డౌన్స్ అను పశుక్షేత్రమున మొదటి పెడలు రేడియో నిలిచెను. ఆ ఇంటి ఇల్లాలు తడబడు వ్రేళ్లతో పంపిన పలకరింపు క్లోన్‌కర్రీకి స్పష్టముగా అందెను. అటుపిమ్మట మరికొన్ని ఇండ్లు. ప్రతి యింటను ఆయనయే ఏరియలు తీగ కట్టి, పీఠము బిగించి, ఇంటివారికి మోర్సు నేర్పి, వారు స్వయముగా పంపగలరని తెలిసిన పిమ్మటనే ముందునకు సాగెడివాడు. నిపుణుడై యుండియు నిపుణుని అవసరము లేకుండ చేయవలెనను పట్టుదల ఆయనది. ఇది అరుదైన గుణము.

ఇంత చేసినను ఒక అడ్డంకి నిలిచెను. అది యంత్రములో లేదు, మోర్సులోనే యున్నది. ‘ఈ’ అను ఆంగ్లాక్షరమునకు ఒక చుక్క, ‘టీ’ అక్షరమునకు ఒక గీత, ఇంతవరకు సులభమే. ‘క్యూ’ అక్షరమునకు గీత, గీత, చుక్క, గీత. వంట, పెంపకము, తోట, లెక్కలు అన్నియు తన మీదనే యున్న స్త్రీ ఈ లిపి నభ్యసించు టెప్పుడు? నేర్చినవారైనను, కన్నబిడ్డ ప్రక్కన మూలుగుచున్నపుడు చేయి వణకక చుక్కకు చుక్క, గీతకు గీత పంపగలరా? కొందరు పూర్తిగా వెనుదీసిరి. మరియొక నిర్మాత యైనచో నేర్చుకొననివారిదే తప్పని యుండును. ట్రేగర్ తప్పు యంత్రముదేనని యెంచెను.

ఆయన టైపుమిషను మీటలను మోర్సుతో జతపరచెను. అక్షరపు మీటను నొక్కగానే, ఆ అక్షరమునకు తగినట్లు విద్యుత్ మార్గము కలియుచు విడిపోవుచు, చుక్కలును గీతలును తమంత తామే సరియైన కాలమానముతో వెలువడును. అక్షరములు గుర్తుపట్టగల వారెవరైనను ఇక మోర్సు పంపగలరు. కాళ్లు త్రొక్కుచుండును, వ్రేలు అక్షరమును వెదకుచుండును, వందల మైళ్ల దూరమున కేంద్రాధికారి తడబాటు లేని మోర్సును వ్రాసికొనుచుండును. పంపునది ప్రవీణుడో, నిన్న మొన్న మీటను తాకిన బాలికయో ఆయనకు తెలియదు. ఈ చిన్న యుపకరణము మాటలు పంపు యంత్రములు వచ్చువరకు ఆ సీమలలో విరివిగా వాడబడెను. ట్రేగర్ చేసిన పనులలో దీనినే ఉత్తమమైనదిగా ఎంచవలసియున్నది. పెడలు శరీరబలమును వాడుకొన్నది. ఈ మీటల పలక భయమును తీసివేసినది.

1930 తరువాతి దశకమున ఆయన యంత్రములు మాటలను పంపనేర్చెను. అప్పుడు ఆ ఎడారి జీవితమే మారిపోయెను. ఒకరినొకరు ఎన్నడును చూడని స్త్రీలు నిర్ణీత వేళకు రేడియో ముందు కూర్చుండి వంటలు, బిడ్డలు, వర్షములు, వదంతులు మాటాడుకొనెడివారు. గుంపుగా అరచు ‘గాలా’ అను గులాబివన్నె చిలుకల పేర ఆ వేళకు గాలా సభ యని పేరు పడెను. అది పేరు పెట్టినవారి పరిహాసము. ఆ స్త్రీలకు మాత్రము అది దినమున నొక మనుష్యకంఠము. రాత్రివేళ అపాయము కలిగినపుడు కేంద్రమున నిద్రించువారిని లేపుటకు ట్రేగర్ ఒక ఈలను సమకూర్చెను. రేడియో ముందు దానిని ఊదినచో కేంద్రమున గంట మ్రోగును. 1942 నుండి ప్రతి యింటను అంకెలు వేసిన మందుల పెట్టె నుంచిరి. మందు పేరు పలుకనక్కరలేదు. వైద్యుడు అంకె చెప్పిన చాలును. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌నుండి గాలిలో పాఠశాల ఆరంభమై, బడి ఎరుగని పిల్లలు ఈ రేడియోల యెదుటనే హాజరు పలికిరి.

ఆ సంవత్సరము మే నెలలోనే ఫ్లిన్ మరణించెను. ఆయన స్థాపించిన సేవకు 1955లో రాయల్ బిరుదు వచ్చెను. లోకము సహజముగా ఫ్లిన్ పేరునే ఎక్కువగా స్మరించుచున్నది. 1994లో వెలువడిన ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటుపై ఆయన ముఖమును, మొదటి విమానమును ముద్రించిరి. ప్రక్కనే పెడలు యంత్రమును గూడ చిత్రించిరి. ఆ యంత్రమును చేసినవాని ముఖము అందు లేదు. అది ఆయనకు కష్టము కలిగించునది కాదు. 1944లో బ్రిటిషు ప్రభుత్వ మిచ్చిన ఓ.బి.ఇ. బిరుదమును స్వీకరించి, మరల తన పనిబల్లకు పోయినవాడాయన.

ఆయనకు 1937లో వివాహమై ఇరువురు కుమార్తెలు కలిగిరి. ఆ భార్య 1948లో మరణింపగా 1956లో మరల వివాహమాడెను. బ్యాటరీలు తేలికపడి, కాళ్లతో త్రొక్కు పని క్రమముగా నశించినను, ఆయన సంస్థ రేడియోలు చేయుట మానలేదు. 1962లో ఆఫ్రికాలోని నైజీరియా దేశపు పాఠశాలలకు ఆయన యంత్రములు పోయెను. వార్ధక్యమునందు ఎండవేడిమితో ఉప్పునీటిని మంచినీరుగా మార్చు సాధనమును గూర్చి ప్రయోగములు చేసెను. అదియును ఎడారిలోని ఇంటి కొరకే. 1980 జూలై 31వ తేదీన, ఎనుబదియైదవ జన్మదినమునకు రెండు దినములు ముందుగా, అడిలెయిడ్‌లో కన్నుమూసెను.